పీ0327 కోడు: నాక్ సెన్సరు కొత్తది వేసినా చెకింజన్ లైటు ఆరడం లేదు

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గరున్నది 2016 నాటి, నాలుగు సిలిండర్ల, 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఎండాకాలంలో క్లచ్ ప్లేటు మార్పించిన కొద్ది రోజులకే చెకింజన్ లైటు వెలిగింది. షెడ్డులో స్కానర్ పెట్టి చూస్తే పీ0327 అనే కోడు కనిపించింది. నాక్ సెన్సరు (ఇంజనులో టకటక అదురును పసిగట్టే పరికరం) పోయిందని చెప్పి, కొత్తది తెప్పించి బిగించి, కోడు తుడిచేసి పంపారు. ఊళ్లో తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. రాయచోటికి వెళుతూ ఘాట్ ఎక్కుతుండగా లైటు మళ్లీ వెలిగింది.

లైటు వెలిగిన తర్వాత బండి పికప్ స్పష్టంగా పడిపోతుంది. మూడో గేరులో అలవోకగా ఎక్కే మలుపుల్లో రెండో గేరు వేయక తప్పడం లేదు, మైలేజీ కూడా లీటరుకు 17 నుంచి 14 దాకా దిగింది. విచిత్రమేమంటే, నాలుగు రోజులు ఊళ్లోనే నెమ్మదిగా నడిపితే లైటు దానంతట అదే ఆరిపోతుంది. ఇప్పుడు షెడ్డువారు ఈసీయూ, అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు, పోయిందనీ, అదే మార్చాలనీ అంటున్నారు. దాని ధర విన్నాక, ఇంకొక సలహా తీసుకోకుండా ముందుకు వెళ్లకూడదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

తీగల_పని (అనంతపురం)

ఈసీయూ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇరవై ఏళ్లుగా వాహనాల వైరింగు పని చేస్తున్న నాకు నాక్ సెన్సరు కోడు వల్ల ఈసీయూ మార్చాల్సి వచ్చిన బండి దాదాపు ఎదురుపడలేదు. తెగిన తీగలు, తుప్పు పట్టిన కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు), సరిగా బిగించని బోల్టులు మాత్రం లెక్కలేనన్ని చూశాను.

కోడు ఏం చెబుతోందో ముందు సరిగా చదువుదాం. పీ0325 అంటే సెన్సరు సర్క్యూట్‌లో లోపం ఉందని, పీ0326 అంటే సంకేతం ఉండవలసిన పరిధిలో లేదని, పీ0327 అంటే సంకేతం మరీ తక్కువగా ఉందని, పీ0328 అంటే మరీ ఎక్కువగా ఉందని అర్థం. వీటిలో ఏ ఒక్కటీ సెన్సరు చెడిపోయిందని చెప్పదు. సెన్సరు, దాని కప్లరు, అక్కడి నుంచి ఈసీయూ దాకా వెళ్లే తీగ, ఆ తీగ చుట్టూ ఉండే షీల్డు, ఎర్త్, చివర ఈసీయూలోని పిన్ను, ఇవన్నీ కలిస్తేనే సర్క్యూట్. వీటిలో ఎక్కడ లోపమున్నా అదే కోడు వస్తుంది.

మీరు చెప్పినదాంట్లో నాకు పట్టుగా కనిపించిన విషయం ఒకటుంది. క్లచ్ పనికి ముందు ఈ బాధ లేదు. క్లచ్ మార్చాలంటే గేరుబాక్సు దించాలి, స్టార్టరు మోటారు విప్పాలి, అడ్డం వచ్చే వైరింగును క్లిప్పుల నుంచి లాగి పక్కకు కట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ క్లిప్పులు వాటి చోట్లలో పడ్డాయో లేదో చూసేవారు తక్కువ.

దయచేసి ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు తీసి పెట్టండి. బ్లూటూత్‌తో పనిచేసే, బండి కోడులు చదివే చవక ఓబీడీ పరికరం ఉన్నా చాలు. కోడు నమోదైన క్షణంలో ఇంజను వేగం, లోడు, కూలెంటు వేడి ఎంతెంత ఉన్నాయో అందులో దొరుకుతుంది. కోడును తుడిచేస్తే ఆ సమాచారం కూడా పోతుంది కాబట్టి, రాసుకునేదాకా తుడవవద్దు.

వేరుశనగ_చేను (కదిరి)

ఎలుకల సంగతి కూడా ఒకసారి చూసుకోండి అన్నా. మా బండి పక్కనే కాయల మూటలు పెట్టిన ఏడాది ఇంజను మీద పొట్టు కుప్పలు, కొరికేసిన తీగలు దొరికాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పోయే గొట్టాలు) కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి అవి అక్కడే చేరతాయి, నాక్ సెన్సరు తీగ కూడా ఎక్కువ బండ్లలో ఆ దారినే పోతుంది.

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

వివరాలు తీశాను. కోడు పడినప్పుడు ఇంజను వేగం నిమిషానికి 3,240 చుట్లు, లోడు 81 శాతం, కూలెంటు 97 డిగ్రీలు, లోపలికి వచ్చే గాలి 52 డిగ్రీలు, బండి వేగం గంటకు 48 కిలోమీటర్లు. ఎలుకల ఆనవాళ్లు పైకి ఏమీ లేవు. ఐడిల్‌లో ఎంతసేపు ఉంచినా కోడు రావడం లేదు.

బురుజు_నీడ (కర్నూలు)

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను, ఓపిక చేసుకోండి. పై అంకెలలోనే సగం సమాధానం ఉంది, కాని సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే అది కనిపించదు.

సిలిండరులో స్పార్కు పడ్డాక మంట ప్లగ్గు దగ్గర మొదలై క్రమంగా అంచుల దాకా వ్యాపించాలి. అది చేరేలోపే, మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా మండితే, సిలిండరులో పీడన తరంగాలు పుట్టి గోడలకు కొట్టుకుంటాయి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వినిపించే టకటక శబ్దం అదే, దాన్నే నాకింగ్ అంటారు. ఈ తరంగాల పౌనఃపున్యం ప్రధానంగా బోరును, అంటే సిలిండరు లోపలి వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 73 మిల్లీమీటర్ల దరిదాపుల్లో బోరు ఉండే చిన్న ఇంజన్లలో అది 7 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, బోరు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

నాక్ సెన్సరు లోపల ఒక పీజో పలక, దానిమీద చిన్న బరువు ఉంటాయి. బ్లాకు అదిరినప్పుడల్లా ఆ బరువు పలకను నొక్కుతుంది, నొక్కుడుకు తగిన ఏసీ వోల్టేజీ పలకలో పుడుతుంది. అది మిల్లీవోల్టుల్లో ఉండే బలహీనమైన సంకేతం. దాని పక్క నుంచే ఇగ్నిషన్ కాయిళ్ల తీగలు, ఇంజెక్టర్ల తీగలు, ఆల్టర్నేటరు తీగ పోతుంటాయి. వాటి చప్పుడంతా ఇందులో కలవకుండా ఉండటానికే ఈ తీగకు రేకుతోనో అల్లికతోనో షీల్డు వేస్తారు.

ఇక ఈసీయూ ఈ సంకేతాన్ని ఎప్పుడూ వింటూ కూర్చోదు. ఒక్కొక్క సిలిండరులో పిస్టను పైస్థానం దాటిన తర్వాత, నాకింగ్ రావడానికి వీలున్న కొద్దిపాటి క్రాంకు కోణంలో మాత్రమే వింటుంది. అందువల్ల ఏ సిలిండరులో నాకింగ్ వచ్చిందో దానికి తెలుస్తుంది, ఆ సిలిండరుకే టైమింగును, అంటే స్పార్కు పడే సమయాన్ని, కొన్ని డిగ్రీలు వెనక్కి జరిపి, మళ్లీ మెల్లగా ముందుకు తెస్తుంది.

ఇప్పుడు మీ కోడు దగ్గరికి వద్దాం. సంకేతం తక్కువగా ఉందని ఈసీయూ రెండు రకాలుగా నిర్ణయిస్తుంది. కొన్ని బండ్లలో తీగ మీద ఒక స్థిరమైన చిన్న వోల్టేజీ పెట్టి ఉంచుతుంది. అది పడిపోతే తీగ ఎర్త్‌కు తగిలిందని గ్రహిస్తుంది. మరికొన్నింటిలో వేగం పెరిగేకొద్దీ ఇంజను సహజ శబ్దం కూడా పెరగాలనే లెక్కతో, పెరగకపోతే సెన్సరు నుంచి ఏమీ రావడం లేదని తేల్చుకుంటుంది. ఈ రెండో తనిఖీ ఐడిల్‌లో జరగదు, కొంత వేగం మీదనే జరుగుతుంది. మీ మోడలుది ఏ పద్ధతో దాని సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఏ పద్ధతి అయినా, 97 డిగ్రీల వేడిలో, 81 శాతం లోడు దగ్గర మాత్రమే కోడు పడిందంటే, వేడికి మెత్తబడేదీ, లోడుకు కదిలేదీ ఏదో ఆ సర్క్యూట్‌లో ఉండాలి. ఇంజను బలంగా లాగేటప్పుడు తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, దానితోపాటు వైరింగూ లాగబడుతుంది. చచ్చిపోయిన ఈసీయూ ఇంత నియమంగా ఘాట్ మీదనే గుర్తుకు రాదు.

లైటు దానంతట ఆరిపోవడం గురించి రాశారు. ఓబీడీ నియమం ప్రకారం, లోపం మళ్లీ కనబడకుండా వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (స్టార్టు చేసి, నడిపి, ఆపడం ఒక సైకిలు) గడిస్తే లైటు ఆరుతుంది. కోడు మాత్రం మెమరీలో ఉంటుంది, లోపం తిరిగి రాకపోతే 40 వార్మప్ సైకిళ్ల (చల్లటి ఇంజను నడిచి వేడెక్కడం ఒక సైకిలు) తర్వాతే చెరిగిపోతుంది. ఊళ్లో మెల్లగా తిరిగినప్పుడు లోపం బయటపడే పరిస్థితి రాలేదు కాబట్టి లైటు ఆరింది తప్ప, ఏమీ బాగుపడలేదు.

మైదుకూరు_రోడ్డు (ప్రొద్దుటూరు)

ఇంత చదువు అవసరమా అనిపిస్తోంది, పెద్దలు ఏమీ అనుకోవద్దు. నాకు తెలిసిన ఒక టాక్సీవాళ్లు పాత బండిలో కప్లరు విప్పి, రెండు పిన్నుల మధ్య ఒక రెసిస్టరు గుచ్చి టేపు చుట్టేశారు. లైటు ఆరింది, బండి ఇప్పటికీ తిరుగుతోంది. వంద రూపాయలు కూడా కాని పని.

తీగల_పని (అనంతపురం)

ఈ ఉపాయం నాకూ తెలుసు, చేసి పెట్టమని అడిగేవాళ్లూ ఉన్నారు, నేను చేయను. తీగలో ఎన్ని ఓములున్నాయో మాత్రమే చూసుకునే పాత ఈసీయూలు దానికి మోసపోతాయి. అప్పుడు జరిగేదేమిటంటే, సెన్సరు బాగుందని నమ్మిన ఈసీయూ టైమింగును పూర్తిగా ముందుకు తెస్తుంది, నాకింగ్ వచ్చినా దానికి వినబడదు. లైటు వెలిగి ఉన్నప్పుడు కనీసం టైమింగు వెనక్కి లాగి ఇంజనును కాపాడుతుంది, మీ పికప్ పోయేది అందుకే. రెసిస్టరు పెట్టాక ఆ కాపుదల కూడా పోతుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండలో, నలుగురు మనుషులు, సామానుతో ఘాట్ ఎక్కే బండిలో ఎడతెగని నాకింగ్ ఉంటే ముందు పిస్టను రింగుల మధ్య గట్లు విరుగుతాయి, తర్వాత పిస్టను తలే కరుగుతుంది. వంద రూపాయల పని ఇంజను ఓవరాలింగ్ దాకా తెస్తుంది.

పైగా బురుజు_నీడ గారు చెప్పిన రెండో పద్ధతి వాడే బండ్లలో ఇది పనిచేయదు. ఇంజను అదిరినప్పుడు రెసిస్టరు నుంచి ఏ సంకేతమూ పుట్టదు కదా.

గువ్వలచెరువు_ఘాట్ గారూ, ఇక పరీక్షలు ఏ వరసలో చేయాలో చెబుతాను. మల్టీమీటరు 20 మెగా ఓముల రేంజి ఉన్నదైతే మంచిది. ఇంజను చల్లబడ్డాక, తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఈసీయూ కప్లరును కూడా ఊడదీయండి. ఈసీయూ తగిలించి ఉండగా ఓములు కొలిస్తే దాని లోపలి సర్క్యూట్ కూడా కలిసి తప్పు అంకె చూపిస్తుంది. సెన్సరు కప్లరు విప్పినప్పుడు పిన్నుల మీద పచ్చటి తుప్పు, నూనె, తెల్లటి పొడి ఏమైనా ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిషింగు యూనిట్ల దగ్గర తిరిగే బండ్లలో ఆ రాతిపొడి నీళ్లతో కలిసి కప్లర్లలో సున్నంలా గడ్డకట్టడం నేను చూశాను.

తర్వాత సంకేతపు తీగను ఆ చివర నుంచి ఈ చివరకు కొలవండి, ఒక ఓము లోపే రావాలి. అంతకన్నా ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది, షెడ్డుల్లో దాన్ని చేయరు. అదే తీగకూ షీల్డుకూ మధ్య, తీగకూ బాడీ ఎర్త్‌కూ మధ్య ఎన్ని ఓములున్నాయో చూడటం. రెండు చివర్లూ విప్పి ఉన్నాయి కాబట్టి మీటరు ఏమీ చూపకూడదు. కొలుస్తూనే వైరింగును సెన్సరు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున నొక్కుతూ, వంచుతూ, లాగుతూ పోవాలి. ఒక మనిషి మీటరు మీద చూపు తిప్పకుండా ఉండాలి.

సెన్సరును తట్టి కూడా చూడవచ్చు. మీటరును ఏసీ మిల్లీవోల్టుల మీద పెట్టి సెన్సరు పిన్నులకు తగిలించి, దానికి దగ్గరలో బ్లాకు మీద చిన్న పానాతో తట్టండి. సెన్సరు మీద తట్టవద్దు, లోపలి పలక పింగాణీ వంటిది, పగులుతుంది. తట్టినప్పుడల్లా అంకె కదిలితే సెన్సరు బతికే ఉంది. ఆసిలోస్కోపు ఉంటే ఇంకా స్పష్టంగా కనబడుతుంది, మామూలు మీటరు నెమ్మది కాబట్టి చిన్న కదలికతోనే సరిపెట్టుకోవాలి.

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

తెలిసిన ఎలక్ట్రీషియను ఒకరిని పక్కన పెట్టుకుని మొదటి భాగం పూర్తి చేశాను. కప్లరు శుభ్రంగా ఉంది. ఒక సందేహం వచ్చింది. కొత్త సెన్సరు పిన్నుల మధ్య మీటరు 4.8 మెగా ఓములు చూపుతోంది. ఇంత ఎక్కువ ఉంటే లోపల తెగిపోయినట్టు కాదా అని మా ఎలక్ట్రీషియను అడుగుతున్నారు. షెడ్డు నుంచి పాత సెన్సరును కూడా అడిగి తెచ్చుకున్నాను, అది కూడా దాదాపు అంతే చూపుతోంది. తట్టి చూస్తే రెండింటిలోనూ అంకె కదులుతోంది.

బురుజు_నీడ (కర్నూలు)

తెగిపోలేదు. పీజో పలక సహజంగా కరెంటును పోనివ్వదు, అది కెపాసిటరు వంటిది. మీరు చూస్తున్న 4.8 మెగా ఓములు దానికి అడ్డంగా లోపల పెట్టిన రెసిస్టరువి. ఈ అంకె తయారీదారును బట్టి మారుతుంది. టయోటా ఇంజన్లు కొన్నింటికి 20 డిగ్రీల వద్ద 120 నుంచి 280 కిలో ఓములు ఉండాలని మాన్యువల్ చెబుతుంది. బాష్ సెన్సర్లలో చాలావాటికి ఒక మెగా ఓముకు పైనే ఉంటుంది. ఒక బండి అంకెను ఇంకొక బండికి పెట్టి తీర్పు చెప్పడం వల్లనే మంచి సెన్సర్లు చెత్తబుట్టలో పడుతున్నాయి. కెపాసిటెన్సు కొలిచే మీటరు ఉంటే ఈ రకానికి ఒక నానోఫారడ్ దరిదాపుల్లో వస్తుంది, అది ఇంకొంచెం నమ్మదగిన పరీక్ష.

పాతదీ కొత్తదీ ఒకేలా కొలతకు వచ్చాయంటే పాతదాన్ని తీసేయవలసిన పని లేదన్నమాట. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

పెన్న_ఒడ్డు (జమ్మలమడుగు)

మధ్యలో అడ్డు వస్తున్నందుకు మన్నించండి. నాది డీజిలు బండి. డీజిలు ఇంజను ఎప్పుడూ టకటకలాడుతూనే ఉంటుంది కదా, దానికి కూడా ఈ సెన్సరు ఉంటుందా?

బురుజు_నీడ (కర్నూలు)

చాలావాటికి ఉండదు. అయితే డెల్ఫీ కంపెనీ కామన్ రైల్ ఇంధన వ్యవస్థ వాడిన కొన్ని డీజిలు ఇంజన్లలో, రెనో 1.5 డీసీఐ వంటి వాటిలో, బ్లాకు మీద ఇటువంటి పీజో సెన్సరే ఉంటుంది. దాని పని వేరు. అసలు ఇంజెక్షనుకు ముందు వేసే చిన్న పైలట్ చుక్క మండిందో లేదో ఆ అదురును బట్టి తెలుసుకుని, ఇంజెక్టరును తెరిచే సమయాన్ని ఈసీయూ సరిదిద్దుకుంటుంది.

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

దొరికింది. తీగ కొస నుంచి కొసకు 0.4 ఓములు వచ్చింది, అందువల్ల తీగ బాగానే ఉందని అనుకోబోయాము. షీల్డుకూ తీగకూ మధ్య కూడా ముందు మీటరు ఏమీ చూపలేదు. వైరింగును నొక్కుతూ పోతుండగా, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను బ్లాకుకు కలిపే ఆధారపు రేకు దగ్గరికి వచ్చేసరికి మీటరు ఒక్కసారిగా 12 కిలో ఓములకు పడి, ఇంకొంచెం నొక్కితే 3 ఓములకు దిగింది. వదిలేస్తే మళ్లీ ఖాళీ.

అక్కడ వైరింగును పట్టుకోవలసిన ప్లాస్టిక్ క్లిప్పు తన రంధ్రంలో లేదు, గాలిలో వేలాడుతోంది. తీగల కట్ట ఆ రేకు అంచు మీద ఆనుకుని ఉంది. పైన చుట్టిన నల్ల టేపు మామూలుగానే కనిపించింది, కొద్దిగా మెరుగు పెట్టినట్టు నున్నగా ఉందంతే. టేపు విప్పితే గోరంత మేర బయటి తొడుగు అరిగిపోయి, లోపలి షీల్డు రేకు నలిగి చిరిగి ఉంది. ఆ షీల్డు రేకు అంచు లోపలి తెల్ల తీగ తొడుగులోకి దిగబడి, రాగి పోగు ఒకటి సన్నగా మెరుస్తోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. సెన్సరును విప్పినప్పుడు దానికీ బ్లాకుకూ మధ్య ఒక వాషరు వచ్చింది. షెడ్డులో వేసిన బోల్టు కాస్త పొడవుగా ఉంది, అది రంధ్రం అడుగుకు తగులుతుంటే వాషరుతో సరిచేసినట్టున్నారు. అది అలా ఉండవచ్చా?

తీగల_పని (అనంతపురం)

ఘాట్ ఎక్కేటప్పుడే ఎందుకు వస్తుందో ఇప్పుడు పూర్తిగా కుదిరింది. వేడికి తొడుగు మెత్తబడుతుంది, లోడుకు ఇంజను ఒరిగి తీగను ఆధారపు రేకు అంచుకు అదుముతుంది, సంకేతపు తీగ షీల్డుకు తగులుతుంది. షీల్డు ఎర్త్‌లో ఉంది కాబట్టి సంకేతం సున్నా అవుతుంది. కొస నుంచి కొసకు ఓములు మాత్రమే చూసి తీగకు సర్టిఫికెట్టు ఇస్తే ఈ లోపం ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే తీగ తెగలేదు.

వాషరు ఉండకూడదు. సెన్సరు అడుగునున్న లోహపు వలయం బ్లాకు లోహానికి నేరుగా, పూర్తిగా ఆనాలి. మధ్యలో వాషరు, పెయింటు, తుప్పు, గ్యాస్కెట్ జిగురు ఏదున్నా అదురు సగంలో ఆగిపోతుంది. బోల్టు కంపెనీ ఇచ్చిన పొడవుదే వాడాలి. బిగింపు టార్క్ రెంచితోనే చేయాలి. ఈ గుండ్రటి, మధ్యలో రంధ్రమున్న రకానికి సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు చెబుతారు, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చేతి బలంతో ఇంకొక చుట్టు ఎక్కువ వేస్తే లోపలి పలక మీద ఒత్తిడి మారి, సెన్సరు వినే తీరే మారిపోతుంది. తక్కువ బిగిస్తే బోల్టు గిలకొట్టుకునే చప్పుడునే నాకింగ్ అనుకుని ఈసీయూ టైమింగు వెనక్కి లాగుతుంది. మీ వాషరు ఒక్కటే ఉండి తీగ బాగున్నా, కొన్నాళ్లకు పీ0326 వచ్చి ఉండేదని నా అనుమానం.

మైదుకూరు_రోడ్డు (ప్రొద్దుటూరు)

రెసిస్టరు మాట వెనక్కి తీసుకోను గాని, ఈ ఇంజనుకు అది పనికిరాదని ఒప్పుకుంటున్నాను. ఒక సందేహం. దెబ్బతిన్న చోట కొత్త తీగ వేయాలంటే షీల్డు ఉన్న తీగ మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతుంది? మైకు సెట్ల దుకాణంలో అమ్మే మైకు తీగకు కూడా లోపల అల్లిక ఉంటుంది, అది వాడవచ్చా?

తీగల_పని (అనంతపురం)

మంచి ప్రశ్న. అల్లిక విషయంలో మైకు తీగ సరిపోతుంది, వేడి విషయంలో సరిపోదు. దాని పీవీసీ తొడుగు 70, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఇంజను పక్కన 125 డిగ్రీలకు తట్టుకునే తొడుగు కావాలి. నేను చేసేది, స్క్రాపుకు వచ్చిన బండి వైరింగులోంచి ఏబీఎస్ చక్రపు సెన్సరుదో, క్రాంకు సెన్సరుదో షీల్డు తీగ ముక్క కోసి పెట్టుకోవడం. స్క్రాపు దుకాణంలో అడిగితే వైరింగు కట్టలు తూకానికి ఇస్తారు.

అతికే పద్ధతి ఇది. దెబ్బతిన్న భాగానికి రెండు పక్కలా మంచి తీగ వచ్చేదాకా కోయాలి. రెండు తీగల అతుకులూ పక్కపక్కన పడకుండా ఒకదాన్ని రెండంగుళాలు ముందుకు, ఇంకొకదాన్ని వెనక్కి జరపాలి. అలా చేస్తే ఒకవేళ స్లీవు జరిగినా అవి ఒకదానికొకటి తగలవు. పోగులు మెలిపెట్టి రోజిన్ ఉన్న సోల్డరుతో అతకాలి. యాసిడ్ ఫ్లక్సు వాడితే ఏడాది తిరక్కుండా లోపల పచ్చబడుతుంది. ఒక్కొక్క అతుకు మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు వేసి, ఆ తర్వాత షీల్డును మళ్లీ కలపాలి. రేకు చిరిగిన చోట రాగి రేకు టేపు చుట్టి, షీల్డుతోపాటు పోయే తొడుగు లేని ఒంటి తీగను రెండు వైపులా అతికితే షీల్డు కొనసాగుతుంది. దాని మీద ఇంకొక పెద్ద స్లీవు, ఆపైన ముడతల ప్లాస్టిక్ గొట్టం వేయాలి.

షీల్డు ఎర్త్ ఒక్క చివరనే, ఈసీయూ వైపే ఉండాలి. మంచికే కదా అని మధ్యలో దాన్ని ఇంజను బాడీకి ఇంకొక చోట తగిలిస్తే, రెండు ఎర్త్‌ల మధ్య ఉండే చిన్న తేడా వల్ల షీల్డులో కరెంటు పారి, ఏ చప్పుడును ఆపడానికి దాన్ని పెట్టారో అదే చప్పుడు సంకేతంలోకి వస్తుంది. పాత అలవాటు కొద్దీ ప్రతి ఒంటి తీగనూ బాడీకి కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, దగ్గరుండి చూసుకోండి. చివరగా ఆ క్లిప్పు. అతుకు ఎంత బాగున్నా, క్లిప్పు దాని రంధ్రంలో కూర్చోకపోతే వచ్చే వేసవికి మళ్లీ ఇక్కడే రాస్తారు.

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

మీరు చెప్పినట్టే పని చేయించాను. క్లిప్పు విరిగి ఉండటంతో కొత్తది వేయించి, ఆధారపు రేకు అంచును కూడా ఆకురాయితో గుండ్రంగా రుద్దించాను. వాషరు తీసేసి, సెన్సరు ఆనే చోటు శుభ్రం చేసి, సరైన పొడవున్న బోల్టుతో 20 న్యూటన్ మీటర్లకు బిగించాము. కోడు తుడిచాక సరుకుతో సహా రాయచోటి వెళ్లి వచ్చాను.

ఫోనులో లైవ్ డేటా రికార్డు చేసుకున్నాను. లైటు వెలిగి ఉన్న రోజుల్లో ఘాట్ మీద 3,000 చుట్ల దగ్గర ఇగ్నిషన్ అడ్వాన్సు (స్పార్కు ఎంత ముందుగా పడుతోందో చెప్పే అంకె) 11, 12 డిగ్రీలు దాటేది కాదు. ఇప్పుడు అదే వేగం, దాదాపు అంతే లోడులో 19 నుంచి 22 దాకా పోతోంది. అప్పుడప్పుడు రెండు మూడు డిగ్రీలు వెనక్కి పడి మళ్లీ మెల్లగా పైకి వస్తోంది. పెండింగ్ కోడు కూడా ఏమీ లేదు. ఆ వెనక్కి పడటం మామూలేనా, లేక ఇంకా ఏదైనా మిగిలి ఉందా?

బురుజు_నీడ (కర్నూలు)

మామూలే, అదే మీకు కావలసింది కూడా. అంచు దాకా వెళ్లి, నాకింగ్ వినబడగానే కొద్దిగా తగ్గి, మళ్లీ అంచును వెతుక్కుంటూ రావడమే ఈ సర్క్యూట్ పని. ఎప్పుడూ వెనక్కి పడకుండా నిలకడగా ఉంటే నాకు అనుమానం వచ్చి ఉండేది. అయితే ఒక్కొక్కసారి ఎనిమిది, పది డిగ్రీలు పడి అక్కడే ఉండిపోతే మాత్రం కార్బను పేరుకోవడం, తప్పు ప్లగ్గులు, రేడియేటరు సరిగా చల్లబరచకపోవడం వంటి కారణాలు చూడాలి. వదులైన సైలెన్సరు వేడిరేకు చప్పుడు కూడా సెన్సరును మోసగించగలదు.

గువ్వలచెరువు_ఘాట్ (కడప)

ఎక్కువ ధర పెట్టి 95 ఆక్టేన్ (నాకింగును తట్టుకునే శక్తికి కొలత) పెట్రోలు పోయిస్తే ఆ వెనక్కి పడటం కూడా తగ్గుతుందా?

బురుజు_నీడ (కర్నూలు)

భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాల ప్రకారం సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91గా ఉండేది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలుకు ఆక్టేన్ 95 అని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. కాబట్టి నాకింగ్ కోసమే అదనపు ధర పెట్టనక్కరలేదు. మీది 2016 బండి కాబట్టి ఇథనాలు విషయంలో చూసుకోవలసింది ఇంధనపు రబ్బరు గొట్టాలు, సీళ్లు. అవి గట్టిపడ్డాయా, చెమ్మగిల్లుతున్నాయా అని సర్వీసు చేయించినప్పుడల్లా చూపించుకోండి.

తీగల_పని (అనంతపురం)

పాత సెన్సరును కూడా బండిలోనే ఒక డబ్బాలో పెట్టుకోండి. అది మంచిదే కాబట్టి ఎప్పుడైనా పనికొస్తుంది. షెడ్డువారికి ఆ చిరిగిన తీగ ముక్కను చూపించి, క్లచ్ పని చేసిన ప్రతి బండికీ క్లిప్పులు లెక్కపెట్టుకోమని మర్యాదగా చెప్పండి, గొడవ అవసరం లేదు.